మగ్గపు గదికి ఏ లెన్సు?
తక్కువ వెలలో ఎక్కువ వెలుతురు నిచ్చు లెన్సును ఎంచుకొను విధము

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)

చీర నేయుట ఒక పని. నేసిన చీరను కొనువారికి చూపుట మరియొక పని. ఈ రెండవ పని వెనుకటి రోజులలో అంగడి గుమాస్తా చేతిలో నుండెడిది. అతడు బీరువాలోనుండి చీర తీసి, మడత విప్పి, గుమ్మము దగ్గరకు తెచ్చి పగటి వెలుతురున పైటచెంగు పరచి చూపెడివాడు. నేడు కొనువారు మన గుమ్మము దగ్గర లేరు. షోలాపురపు దుప్పటిని, బరంపురపు పట్టుచీరను, మొలకాల్మూరు చీరను ఎక్కడో యున్న వారు ఫోటో చూచియే అడుగుచున్నారు, ఫోటో చూచియే డబ్బు పంపుచున్నారు. సరుకు చేతికి వచ్చిన పిమ్మట, "ఫోటోలో వంగపండు రంగు, వచ్చినది ఇటుక రంగు" అని తిప్పి పంపుచున్నారు. తిరిగి వచ్చిన చీరకు రెండు పర్యాయముల రవాణా ఖర్చు పడును, మడత నలుగును, నేతగానికి అందవలసిన సొమ్ము నిలిచిపోవును. నేతలో లోపము లేకున్నను నష్టము నేతగానిదే.

మన సంఘములలో పెక్కింటికి ఇదివరకే ఒక కెమెరా ఉన్నది. ప్రదర్శనల కొరకో, వార్షిక నివేదిక కొరకో కొన్నది. దానితోపాటు వచ్చిన జూమ్ లెన్సే ఇప్పటికిని దానికి తగిలించియున్నది. మగ్గము దగ్గర తీసిన ఫోటోలు మసకగా వచ్చుచున్నవనగానే అంగడివాడు రెండు సలహాలలో ఒకటి చెప్పును: కెమెరాయే మార్చుడనుట ఒకటి, "ఒక 1.8 లెన్సు కొనండి" అనుట రెండవది. మొదటి సలహా సంఘమునకు అరవై వేలో, లక్షయో ఖర్చు. రెండవది చాల చౌక, చాలవరకు సరియైనదే. కాని ఏ 1.8 లెన్సు, దేనికొరకు, ఎంత గదిలో వాడుటకు అను ప్రశ్నలు అడుగక కొన్నచో ఆ సొమ్మును బీరువాలో పెట్టి తాళము వేసినట్లే. సభ్యుల వాటా ధనముతో కొనునది గనుక ఈ ప్రశ్నలకు సమాధానము కొనుటకు ముందే తెలిసియుండవలెను.

సంఖ్యల అర్థము

కెమెరాతో వచ్చు సాధారణ జూమ్ లెన్సు మీద "18–55 మి.మీ., 3.5–5.6" అని వ్రాసియుండును. మొదటి జత నాభ్యంతరము. అంకె చిన్నదైనచో విశాలమైన దృశ్యము పట్టును. పెద్దదైనచో కొంచెము మేరయే పెద్దదిగా కనబడును. రెండవ జత ఎఫ్ సంఖ్య. నాభ్యంతరమును, లెన్సును ముందునుండి చూచినపుడు కనబడు కంత వ్యాసముచే భాగించగా వచ్చునదే ఎఫ్ సంఖ్య. 50 మి.మీ. లెన్సు మీద 1.8 అని యున్నచో కంత వ్యాసము సుమారు 28 మి.మీ. జూమ్ లెన్సు 55 దగ్గర 5.6 అన్నచో కంత సుమారు 10 మి.మీ. మాత్రమే.

సంఖ్య పెరిగినకొలది కంత తగ్గుట మొదట తికమకగా తోచును. మన వృత్తివారికి మాత్రము ఇది క్రొత్త కాదు. పౌనుకు 840 గజముల లడులు ఎన్ని తూగునో అదే నూలు కౌంటు. కౌంటు పెరిగినకొలది దారము సన్నమగును. 40 కన్న 100 సన్నమని పిల్లవానికి సైతము తెలిసిన ఇంటిలో, 1.8 కన్న 5.6 చిన్న కంత యని గుర్తు పెట్టుకొనుట కష్టము కాదు.

వెలుతురు కంత వైశాల్యమును బట్టి వచ్చును గనుక, 5.6 కన్న 1.8 వద్ద 9 రెట్లకు పైగా వెలుతురు లోనికి వచ్చును. జూమ్ లెన్సుతో సెకనులో 10వ వంతు కాలము షట్టరు తెరచియుంచవలసిన చోట, 1.8 లెన్సుతో సుమారు 100వ వంతు చాలును. ఇట్లు తక్కువ కాలములో పని ముగియును గనుకనే దీనిని ఫోటోగ్రాఫర్లు "ఫాస్ట్" లెన్సు అందురు. ఒకే నాభ్యంతరము కలిగి, జూమ్ లేని దానిని "ప్రైమ్" లెన్సు అందురు. ప్రైమ్ లెన్సులో జూమ్ తిప్పుట యుండదు. దగ్గరకును దూరమునకును మన కాళ్లే నడువవలెను.

ఈ లెన్సు ఎందులకు, ఎందులకు కాదు

గుంట మగ్గము ఉన్న గది ఎట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. పడుగు ఆరిపోయి తెగకుండుటకై గాలిని ఎక్కువగా ఆడనీయము. ఒక చిన్న కిటికీ, పైన ఒక ట్యూబులైటు. అట్టి గదిలో సెకనులో 10వ వంతు కాలములో నేతగాని చేతులు కదలిపోవును, ముఖము అలికినట్లగును. జూమ్ లెన్సులలో చేతి వణుకును సరిచేయు ఏర్పాటు ఉన్నను అది తీయువాని చేతి వణుకునే సరిచేయును గాని, నేయువాని చేతి కదలికను ఆపజాలదు. ఫ్లాష్ వేసినచో జరీ తెల్లగా మెరసి పోగు కనబడకుండ పోవును. పట్టు మీద తెల్లని మచ్చ పడును. కావున మగ్గము మీద పని చేయుచున్న మనిషిని, ఉన్న వెలుతురులోనే తీయుటకు ఫాస్ట్ లెన్సు నిజముగా అవసరము.

100వ వంతులో నాడె మాత్రము ఆగదు; గీతవలె కనబడును. అది లోపము కాదు, నేత జరుగుచున్నదనుటకు గుర్తు. పన్నె ముందుకు వచ్చి పేకపోగును తట్టి వెనుకకు మరలు లిప్తపాటున మీట నొక్కినచో చేతులును, పన్నెయు స్పష్టముగా పడును. ఆ లిప్త ఎప్పుడు వచ్చునో బయటి ఫోటోగ్రాఫరు కన్న మన ఇంటి పిల్లలకే బాగుగా తెలియును.

ఇక బల్ల మీద పరచిన చీర కదలదు. దానికి ఫాస్ట్ లెన్సు అవసరమే లేదు; ముక్కాలి స్టాండు చాలును. స్టాండు మీద కెమెరా నిలిపి, కంతను ఎఫ్/5.6 లేక ఎఫ్/8కి తగ్గించి, షట్టరు ఎంతసేపు తెరచియున్నను చీర చెదరదు. అనేకులు 1.8 లెన్సు కొనగానే చీరను కూడ 1.8లోనే తీయుదురు. అప్పుడు అంచు స్పష్టముగా వచ్చి ఒడలు మసకబారును. ఏలయనగా కంత పెద్దదైనకొలది స్పష్టముగా కనబడు లోతు తగ్గును. చిన్న సెన్సారు గల కెమెరాకు 50 మి.మీ. లెన్సు తగిలించి 1 మీటరు దూరమునుండి 1.8లో తీసినచో స్పష్టముగా నుండు లోతు 3 సెంటీమీటర్లకు మించదు. అదే ఎఫ్/8లో సుమారు 13 సెంటీమీటర్లు. కుచ్చిళ్ల మడతలకు 3 సెంటీమీటర్లు ఏమూలకును చాలవు.

కావున మా అభిప్రాయము ఇది: ఫాస్ట్ లెన్సును మనిషి కొరకు కొనవలెను, చీర కొరకు కాదు. కొన్న పిమ్మట అదే లెన్సు, కంత తగ్గించి వాడినచో, చీరకును జూమ్ కన్న బాగుగా పనిచేయును. జూమ్ లెన్సు 18 దగ్గర సరళరేఖను వంచును. నిలువుగా నేసిన అంచు విల్లువలె ఉబికినట్లు కనబడును. 50 మి.మీ. ప్రైమ్ లెన్సులో ఈ వంపు చాల స్వల్పము. అంచు సూటిగా ఉండుటయే నేర్పరితనమైన మన వృత్తిలో ఇది చిన్న విషయము కాదు.

గది కొలిచి లెన్సు కొనవలెను

అంగడిలో అన్నిటికన్న చౌకగా దొరకునది 50 మి.మీ. లెన్సు గనుక అందరును దానినే చేతిలో పెట్టుదురు. ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. పూర్వపు 35 మి.మీ. ఫిల్ము చట్రము 36×24 మి.మీ. అంత సెన్సారు గల కెమెరాలను "ఫుల్ ఫ్రేమ్" అందురు. మన సంఘములలో ఉండు కెమెరాలలో చాలవరకు సెన్సారు అంతకన్న చిన్నది: నికాన్‌లో వెడల్పు సుమారు 23.5 మి.మీ., కెనాన్‌లో సుమారు 22.3 మి.మీ. సెన్సారు చిన్నదైనపుడు అదే లెన్సు తక్కువ మేరను మాత్రమే పట్టును.

లెక్క సులభము. చీర కట్టుకొని నిలుచున్న మనిషిని తలనుండి పాదముల వరకు, పైన క్రింద కొంచెము ఎడముతో తీయుటకు 1.8 మీటర్ల మేర పట్టవలెను. కెమెరాను నిలువుగా పట్టుకొన్నచో ఎంత దూరము జరుగవలెనో చూడుడు. నికాన్ చిన్న సెన్సారు మీద 50 మి.మీ. లెన్సుకు 3.8 మీటర్లు, అనగా సుమారు 12½ అడుగులు. కెనాన్ చిన్న సెన్సారు మీద 4 మీటర్లు, 13 అడుగులకు పైన. అదే 35 మి.మీ. లెన్సుకు నికాన్ మీద 2.7 మీటర్లు, 9 అడుగులలోపు. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్సుకు 2.5 మీటర్లు, 8 అడుగుల పైచిలుకు.

మన మగ్గపు గదులు 10 అడుగుల గదులు. అందులో మగ్గమే సగము. 50 మి.మీ. లెన్సుతో వెనుకకు జరుగుచు జరుగుచు వీధిలో నిలువవలసి వచ్చును. కావున చిన్న సెన్సారు కెమెరా గలవారు మగ్గపు గది కొరకు కొనదలచినచో 35 మి.మీ. లెన్సే మేలు. ఇంకొక లాభము కూడ కలదు: 2.5 మీటర్ల దూరమునుండి 1.8లోనే తీసినను 35 మి.మీ. లెన్సుకు స్పష్టమైన లోతు సుమారు 37 సెంటీమీటర్లు, 50 మి.మీ. లెన్సుకు 18 మాత్రమే. నేతగాని ముఖమును, మగ్గము మీది చేతులును రెండును స్పష్టముగా పడవలెనన్నచో 37 అవసరము.

సంఘ కార్యాలయములో పొడవైన హాలు ఉండి, చీర కట్టుకొన్నవారిని అక్కడనే తీయువారికిని, బుటాలను, జరీ పనిని దగ్గరగా తీయుటయే ముఖ్యమైనవారికిని, ఫుల్ ఫ్రేమ్ కెమెరా గలవారికిని 50 మి.మీ. లెన్సు తగినది. టేపు పట్టుకొని గది కొలుచుటకు పైసా ఖర్చు లేదు. కొనుటకు ముందు ఆ పని చేయుడని మా మనవి. ఇంకొక ఉపాయము: ఉన్న జూమ్ లెన్సునే 35 దగ్గర నిలిపి ఒక రోజు, 50 దగ్గర నిలిపి ఒక రోజు ఫోటోలు తీయుడు. ఏది మీ గదికి సరిపోవునో కాళ్లే చెప్పును.

50 మి.మీ. ఎందులకు చౌక?

"చౌక లెన్సు గదా, నాసిరకము కాదా?" అని పాలకవర్గములో ఒకరు తప్పక అడుగుదురు. దానికి సమాధానము ఉన్నది. 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ "ప్లానార్" అను లెన్సును రూపొందించెను. నడుమ కంత, దానికి ఇరుప్రక్కల దాదాపు ఒకే తీరున గాజు బిళ్లలు అమర్చిన కట్టు అది. ఇరువైపుల పోలిక ఉండుటచేత ఒక ప్రక్క బిళ్లల దోషమును రెండవ ప్రక్క బిళ్లలు చాలవరకు సరిదిద్దును. 1925లో లైకా కెమెరా 50 మి.మీ. లెన్సుతో అంగడికి వచ్చిన పిమ్మట చిన్న ఫిల్ము కెమెరాలకు అదే వాడుక నాభ్యంతరమైనది. నూరేండ్లకు పైగా అరగదీసి, సరిదిద్ది, లక్షల సంఖ్యలో చేసిన కట్టు గనుక ఆరేడు బిళ్లలతోనే మంచి పని జరుగుచున్నది. కెనాన్ 50 మి.మీ. ఎఫ్/1.8లో ఉన్నవి 6 బిళ్లలే.

35 మి.మీ. లెన్సు సంగతి వేరు. అద్దము గల కెమెరాలో లెన్సుకును సెన్సారుకును నడుమ అద్దము పైకి లేచుటకు చోటు విడువవలెను. కెనాన్‌లో ఆ ఎడము 44 మి.మీ., నికాన్‌లో 46.5 మి.మీ. నాభ్యంతరము అంతకన్న తక్కువైన లెన్సుకు అదనపు బిళ్లలు, వేరొక కట్టు అవసరము. అందుచేతనే వెల కొంచెము ఎక్కువ. అనగా 50 మి.మీ. లెన్సు చౌకదనము పాతదైన మంచి అచ్చు చౌకదనము వంటిది గాని కల్తీ నూలు చౌకదనము వంటిది కాదు. వెల తగ్గించుటకై పై తొడుగును ప్లాస్టికుతో చేయుదురు. గాజులో తగ్గించునది తక్కువ.

ఏ కెమెరాకు ఏది?

కెమెరా కంపెనీ ఏదో దాని లెన్సు మూతి దానిదే. ఒకదాని లెన్సు వేరొకదానికి నేరుగా అమరదు. దీనిని విచారింపక కొన్నచో అంగట్లో అన్నీ ఉన్నవి, అల్లుని నోట్లో శని ఉన్నదన్న సామెతయే గతి.

కెనాన్ అద్దపు కెమెరాలు గలవారికి 2015లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్.టి.ఎమ్. సులభముగా దొరకును. దాని మూతి లోహము. 35 సెంటీమీటర్ల దగ్గరకు ఫోకసు చేయును. 1990నాటి రెండవ రకము పాతబజారులో ఇంకను చౌక. దాని మూతి ప్లాస్టికు, 45 సెంటీమీటర్ల కన్న దగ్గరకు రాదు. కెనాన్ చిన్న సెన్సారు వారికి చౌకలో 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు కెనాన్‌లో లేదు. యోంగ్నువో అను చైనా కంపెనీ 35 మి.మీ. ఎఫ్/2 లెన్సు నొకటి, లేదా పాతబజారులో కెనాన్ వారి 35 మి.మీ. ఎఫ్/2 చూచుకొనవలెను. కెనాన్ 24 మి.మీ. ఎఫ్/2.8 చిన్నది, చక్కనిది, కాని 1.8తో పోల్చినచో అందులోనికి వచ్చు వెలుతురు సగము కన్న తక్కువ. అద్దము లేని కెనాన్ ఆర్ కెమెరాలకు 2020లో వచ్చిన ఆర్.ఎఫ్. 50 మి.మీ. ఎఫ్/1.8 కలదు. పాత ఇ.ఎఫ్. లెన్సులు కూడ నడిమి గొట్టముతో ఆ కెమెరాలకు అమరి ఫోకసు చేయును.

నికాన్ చిన్న సెన్సారు వారికి మేము ముందుగా చెప్పునది 2009లో వచ్చిన డి.ఎక్స్. 35 మి.మీ. ఎఫ్/1.8జి. బరువు 200 గ్రాములు. మగ్గపు గదికి సరిగా కొలిచి చేసినట్లుండును. 50 కావలసినవారికి 2011నాటి 50 మి.మీ. ఎఫ్/1.8జి కలదు. ఇక్కడ ఒక హెచ్చరిక: పాతబజారులో "50 మి.మీ. ఎఫ్/1.8డి" మరింత చౌకగా దొరకును. ఆ లెన్సులో మోటారు లేదు. కెమెరాలోని మోటారే దానిని త్రిప్పవలెను. డి3500, డి5600 వంటి కెమెరాలలో ఆ మోటారు లేదు గనుక ఫోకసు చేత్తోనే చేసికొనవలెను. చివరి అక్షరము "డి"యా "జి"యా చూడక కొనరాదు. అద్దము లేని నికాన్ జెడ్ చిన్న సెన్సారు కెమెరాలకు 2023లో 24 మి.మీ. ఎఫ్/1.7 వచ్చినది. దానితో ఆరు అడుగుల దూరమునుండియే మనిషిని నిలువునా తీయవచ్చును.

సోనీ చిన్న సెన్సారు కెమెరాలకు 35 మి.మీ. ఎఫ్/1.8, 50 మి.మీ. ఎఫ్/1.8 రెండును చేతి వణుకు సరిచేయు ఏర్పాటుతో ఉన్నవి. ఇవి కొంచెము ప్రియము.

వెలలు నెలనెలకు మారును గనుక పైసలతో చెప్పజాలము. కొత్త 1.8 ప్రైమ్ లెన్సులు సుమారు పది వేలు మొదలుకొని ఇరవై వేల చుట్టుప్రక్కల వరకు పలుకుచున్నవి. ఎఫ్/1.4 లెన్సులకు ఆశపడనక్కరలేదు. 1.8 కన్న 1.4లో వచ్చు వెలుతురు సుమారు ఒకటిన్నర రెట్లకు కొంచెము పైన మాత్రమే. వెల మాత్రము సాధారణముగా అంతకన్న ఎక్కువ రెట్లు. పిండి కొద్దీ రొట్టె.

పాతబజారు లెన్సు కొనవచ్చునా?

కొనవచ్చును. కంపెనీలు అద్దము లేని కెమెరాల వైపు మరలినందున అద్దపు కెమెరాల లెన్సులను అమ్ముకొనువారు ఎక్కువైరి. కాని మూడు విషయములు చూడవలెను. ఒకటి: సెల్‌ఫోను దీపమును లెన్సు వెనుకనుండి వేసి ముందునుండి చూడుడు. సాలెగూటివలె తెల్లని తీగెలు కనబడినచో అది బూజు. వదలివేయుడు, మరియొక లెన్సు ప్రక్కన కూడ ఉంచవద్దు. రెండు: లోపలి కంత రెక్కల మీద నూనె మరకలున్నచో రెక్కలు అంటుకొని వెలుతురు తప్పుగా పడును. మూడు: ఫోకసు గదగద లాడక ఒకేసారి పట్టుచున్నదా చూడుడు. ముందు గాజు మీద ఒక చిన్న గీత ఉన్నంత మాత్రమున బెదరనక్కరలేదు. ఫోటోలో అది కనబడదు. ఆ గీతను చూపి వెల తగ్గించి అడుగవచ్చును.

రష్యా దేశపు "హీలియోస్" 58 మి.మీ. ఎఫ్/2 వంటి వెనుకటి లెన్సులు కూడ నడిమి గొట్టముతో అమర్చుకొనవచ్చును. ఫోకసు చేతితోనే. బల్ల మీది చీరకు పరవాలేదు గాని మగ్గము మీది మనిషికి తీరిక చాలదు.

అంగడిలో పరీక్ష

పరీక్షకు మన వద్ద యున్న సాధనము వేరెవరివద్దను లేదు: సన్న గళ్ల లుంగీ ఒకటి చంకన పెట్టుకొని పొండు. గోడకు బిగువుగా కట్టించి, కెమెరాను దానికి ఎదురుగా సమముగా నిలిపి, 1.8, 2.8, 5.6లలో మూడు ఫోటోలు తీయుడు. పెద్దది చేసి నడుమను, నాలుగు మూలలను చూడుడు. 1.8లో మూలలు కొంచెము మెత్తగాను, నీడగాను ఉండుట సహజము. 5.6 వచ్చుసరికి నాలుగు మూలలును సమముగా రావలెను. ఒక మూల మాత్రము ఎప్పటికిని మసకగా నున్నచో బిళ్ల ప్రక్కకు ఒరిగినదని అర్థము, వేరొకటి అడుగుడు. పిమ్మట లుంగీని ఏటవాలుగా పరచి ఒక గడి మీద ఫోకసు చేయుడు. దాని ముందుదో వెనుకదో స్పష్టముగా వచ్చి, కోరిన గడి మసకబారినచో ఆ లెన్సు, ఆ కెమెరా పొత్తు కుదరలేదన్నమాట. కావున కెమెరాను వెంట తీసికొనిపోవుట తప్పనిసరి. బిల్లు మీద లెన్సు నంబరు వ్రాయించుకొనుడు. ఆడిటుకును, గ్యారంటీకిని అదే ఆధారము.

నేత ఫోటోలో మూడు చిక్కులు

మొదటిది రంగు. ఎంత మంచి లెన్సు కొన్నను కిటికీ వెలుతురు, ట్యూబులైటు రెండును కలిసినచో చీర ఒక ప్రక్క నీలిగాను, మరొక ప్రక్క పసుపుగాను కనబడును. చీర తీయునపుడు లైటు ఆర్పి కిటికీ వెలుతురునే వాడుడు. ఎండ నేరుగా పడరాదు. నీడ వెలుతురు మేలు. ఎదుటి ప్రక్క తెల్లని థర్మోకోలు పలక నిలిపినచో నీడలు మెత్తబడును. మొదటి ఫోటోలో చీర మీద బూడిదరంగు కార్డు నొకటి ఉంచి, దానిని బట్టి తెలుపును సరిచేసికొన్నచో తక్కిన ఫోటోలన్నియు దారిలోనికి వచ్చును.

రెండవది మినుకు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక ట్యూబులైటు సెకనుకు 100 పర్యాయములు మినుకును. షట్టరు అంతకన్న వేగముగా పెట్టినచో ఫోటోలో అడ్డపట్టీలు పడవచ్చును. మగ్గపు గదిలో లైటు ఆర్పలేరు గనుక 100వ వంతు లేక 50వ వంతు వద్దనే నిలుపుడు. 1.8 లెన్సు ఉన్నచో అది సాధ్యము.

మూడవది అలలు. లెన్సు ఎంత పదునైనదో సన్న నేత మీద అంతగా నీటి అలలవంటి చారలు పడు అవకాశమున్నది. రెండు పలుచని బట్టలను ఒకదానిమీద నొకటి పరచినపుడు కనబడు అలలే ఇవియును. ఇచ్చట ఒక బట్ట మన నేత, రెండవది సెన్సారులోని గళ్లు. దీనిని ఇంగ్లీషువారు "మ్వారే" అందురు; అలల పట్టుబట్ట పేరే అది. చీర కొనువారు దానిని నేతలోని తప్పనుకొందురు. కొంచెము ముందుకో వెనుకకో జరిగి, లేదా కెమెరాను కొంచెము ఒరపి తీసినచో పోవును.

దగ్గరి ఫోటో మాట కూడ చెప్పవలెను. కెనాన్ 50 ఎస్.టి.ఎమ్. లెన్సు చిన్న సెన్సారు మీద మిక్కిలి దగ్గరగా పట్టునది సుమారు 10½ సెంటీమీటర్ల వెడల్పు మేర. ఒక బుటా నిండుగా వచ్చును. పోగులు లెక్కపెట్టునట్లు కావలెనన్నచో లెన్సుకును కెమెరాకును నడుమ 12 మి.మీ. గొట్టము వేసినచో 5 సెంటీమీటర్ల మేర నిండుగా పడును. గొట్టములో గాజు ఉండదు గనుక వెల తక్కువ. విద్యుత్ స్పర్శలు గలదే కొనవలెను. మరమగ్గపు చీరను చేనేతయని అమ్ముచున్న ఈ కాలములో చీర వెనుక ప్రక్కను, అంచు వెంబడి బట్టను సాగదీసి పట్టియుంచిన సూదుల బెజ్జములను చూపు ఒక దగ్గరి ఫోటో, ప్రకటనలో పది మాటల కన్న ఎక్కువ పని చేయును.

భద్రపరచుట

యానాము వంటి గోదావరి పాయల ఊళ్లలోను, సముద్రము దగ్గరి బరంపురములోను గాలిలో తేమ ఎక్కువ. లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో ఆరునెలలు మరచినచో బూజు తప్పదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచి, నెలకొకసారియైనను బయటకు తీసి వాడుడు. షోలాపురము, భివండీ వంటి చోట్ల నూలు దూది, గంజి పొడి గాలిలో తేలుచుండును. లెన్సు మీద పడిన పొడిని చొక్కా కొనతో రుద్దరాదు; గాజు పైపూత గీరుకుపోవును. రబ్బరు బుడ్డితో ఊది, పిమ్మట మెత్తని గుడ్డతో తుడువవలెను. మగ్గము నడుచుచుండగా లెన్సు మార్చరాదు.

పాలకవర్గములకు మనవి

ఖర్చు చేయుటలో వరుస ఇది: మొదట స్టాండు, తెల్లపలక, బూడిదరంగు కార్డు. ఇవి లేనిదే ఏ లెన్సును చీర రంగును సరిగా చూపదు. పిమ్మట గది కొలిచి, చిన్న సెన్సారు కెమెరాకు 35, ఫుల్ ఫ్రేమ్‌కు 50 మి.మీ. చొప్పున ఒక 1.8 లెన్సు, లేదా దానికి దగ్గరిది. కెమెరా మార్చుట చివరి మాట. అసలు కెమెరాయే లేని సంఘములు దీనికొరకై కెమెరా కొననక్కరలేదు. కిటికీ దగ్గర, స్టాండు మీద నిలిపిన మంచి సెల్‌ఫోనుతో బల్ల మీది చీరను చక్కగా తీయవచ్చును. ఫోనులో వెనుకభాగమును మసకచేయు ఏర్పాటు మాత్రము వాడరాదు. పైటచెంగు కుచ్చులను అది కత్తిరించినట్లు చేయును.

ఇరుగుపొరుగు సంఘములు మూడు నాలుగు ఒకే కంపెనీ కెమెరాలు గలవైనచో ఒకరు 35, ఒకరు 50, ఒకరు గొట్టము కొని మార్చుకొనుట ఇంకను మేలు. ప్రతి సంఘము అన్నియు కొననక్కరలేదు. పుచ్చుకొన్నప్పుడును, ఇచ్చినప్పుడును రిజిస్టరులో సంతకము, దీపము వేసి బూజు పరీక్ష, ఈ రెండు నియమములు చాలును. ఇట్టి ఏర్పాటు చేసికొనదలచిన సంఘములు తమ కెమెరా రకమును, ఊరి పేరును ఈ పత్రికకు వ్రాసినచో, దగ్గర దగ్గర ఊళ్లవారిని జతపరచి వచ్చు సంచికలలో ప్రకటింపగలము.